ఏఎంహెచ్ తక్కువ, ప్రొలాక్టిన్ ఎక్కువ వచ్చిందా? ముందు రక్తం ఏ రోజు ఇచ్చావో చూడు చెల్లీ

చెల్లీ, నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. వయసు 29, ఏడాదిన్నరగా ప్రయత్నిస్తున్నారు. ఏఎంహెచ్ (అండాశయంలో మిగిలిన అండాల అంచనా చెప్పే హార్మోన్) 1.2, ప్రొలాక్టిన్ (పాలు పడటానికి తోడ్పడే హార్మోన్) 31, పక్కన ముద్దక్షరాల్లో 'హై' అని ఉంది. అపాయింట్‌మెంట్‌కి ఇంకా వారం ఉంది, "నాకిక పిల్లలు పుట్టరా అక్కా" అని అడిగావు. ఆ రెండు అంకెలు చూసి ఆ మాట ఏ డాక్టరూ చెప్పలేరు. విజయవాడలో సూర్యారావుపేట ఆసుపత్రుల చుట్టూ మూడేళ్లు తిరిగినదాన్ని, నాకు తెలిసింది చెబుతాను.

రక్తం ఏ రోజు, ఏ టైంకి ఇచ్చావో ముందు చూసుకో. ఎఫ్‌ఎస్‌హెచ్, ఎల్‌హెచ్, ఎస్ట్రడయోల్ అనే అండాశయం పనితీరు చూసే హార్మోన్ పరీక్షలైతే పీరియడ్ రెండో రోజో మూడో రోజో ఇవ్వాలి. మరకలు కనిపించిన రోజు కాదు, సరిగ్గా బ్లీడింగ్ మొదలైన రోజునే మొదటి రోజుగా లెక్కపెట్టాలి. ఏఎంహెచ్, థైరాయిడ్ పరీక్షలకు ఆ పట్టింపు లేదు.

నేను దెబ్బతిన్నది ప్రొజెస్టిరాన్ దగ్గర. అండం విడుదలైందో లేదో దానితో తెలుస్తుంది. "21వ రోజు రండి" అని ఒక ల్యాబులో చెబితే అలాగే వెళ్లాను. 0.6 వచ్చింది. నాకు అండమే విడుదల కావట్లేదనుకుని ఏలూరు రోడ్డు పొడవునా ఆటోలో ఏడుస్తూ వచ్చాను. తర్వాత చూపించుకున్న డాక్టరమ్మ మా వంటింటి గోడ మీది క్యాలెండర్ తెమ్మన్నారు. పీరియడ్ వచ్చిన తేదీలకు నేను ఎర్ర పెన్నుతో సున్నాలు చుట్టి ఉంచేదాన్ని. ఒక సున్నా నుంచి ఇంకో సున్నాకి పెన్ను మూతతో ఒక్కో గడీ లెక్కపెట్టారు. 35 రోజులు. "మీకు అండం విడుదలయ్యేదే 21వ రోజు ప్రాంతంలో కదమ్మా, అప్పుడే ప్రొజెస్టిరాన్ ఎక్కడ పెరుగుతుంది?" అన్నారు. ఆ 21 లెక్క 28 రోజులకోసారి పీరియడ్ వచ్చేవాళ్లది. వచ్చే పీరియడ్‌కి వారం ముందు ఇవ్వాలి, అంటే నాకు 28వ రోజు. మరుసటి నెల అలాగే ఇస్తే 11 వచ్చింది. నానోగ్రాముల్లో 3 దాటితే చాలు, అండం విడుదలైనట్టే.

నీ ప్రొలాక్టిన్ సంగతి. నిద్రలోనూ, టెన్షన్‌లోనూ, సూది భయానికీ అది పెరుగుతుంది. గ్యాస్‌కి వేసుకునే మాత్రల్లో డోంపెరిడోన్ ఉంటే బాగా పెరుగుతుంది, ఆ స్ట్రిప్ వెనక ఏం రాసి ఉందో ఒకసారి చూడు. 31 అంటే కొద్దిగా ఎక్కువ, అంతే. సాధారణంగా మళ్లీ చేయిస్తారు. నిద్ర లేచిన రెండు మూడు గంటలకు వెళ్లి, ల్యాబులో అరగంట కుదురుగా కూర్చుని ఇవ్వు. టీఎస్‌హెచ్ కూడా చేయించు, థైరాయిడ్ మందగించినా ప్రొలాక్టిన్ పెరుగుతుంది. జుట్టు కోసం బయోటిన్ వాడుతుంటే డాక్టర్‌కి చెప్పు, అది ఇలాంటి రిపోర్టులను తారుమారు చేస్తుంది.

ఏఎంహెచ్ 1.2 నీ వయసుకి కాస్త తక్కువే, దాచను. కానీ అది చెప్పేది ఇంకా ఎన్ని అండాలు మిగిలాయన్నదాని అంచనా, ఐవీఎఫ్ ఇంజెక్షన్లకు అండాశయం ఎలా స్పందిస్తుందన్నది. నెలకు విడుదలయ్యేది ఒక్క అండమేగా, అది గర్భంగా నిలుస్తుందో లేదో ఆ అంకె చెప్పదు. స్కానింగ్‌తో కలిపి చూస్తారు. యూనిట్ కూడా గమనించు: నానోగ్రాముల్లో 1.2 అంటే పికోమోల్‌లో దాదాపు 8.6. ఆ తేడా తెలియక ఇంకొకరి రిపోర్టుతో పోల్చుకుని బెంగపెట్టుకున్నవాళ్లను చూశాను.

నువ్వు ఇంత రాసి మీవారి పరీక్ష ఊసే ఎత్తలేదు. నాకు బాధనిపించింది. ఇన్ని సూదులు నువ్వొక్కదానివే ఎందుకు పొడిపించుకోవాలి? వీర్య పరీక్ష ఖర్చు ఏఎంహెచ్ కన్నా తక్కువ, సూది కూడా ఉండదు. పరీక్షకు ముందు 2 నుంచి 7 రోజులు వీర్యం బయటికి పోకుండా ఉండాలి. ఇంట్లో తీస్తే గంటలోపు ల్యాబుకి చేర్చాలి. మావారు పటమట నుంచి ఆ డబ్బా చల్లబడకుండా చొక్కా లోపల పెట్టుకుని తీసుకెళ్లారు. మిల్లీలీటరుకు 1.6 కోట్ల వీర్యకణాలు, వాటిలో కదిలేవి 42 శాతం అన్నవి 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన కనీస హద్దులు. మావారికి మొదటిసారి కదలిక తక్కువొచ్చింది. అంతకుముందు నెలే టైఫాయిడ్ జ్వరం. వీర్యకణాలు కొత్తగా తయారవడానికి రెండున్నర నెలలు పైనే పడుతుంది, అందుకే మూడు నెలలాగి చేయిస్తే బాగానే వచ్చింది.

ప్రతి రిపోర్టు వెనకా అది పీరియడ్‌లో ఎన్నో రోజో, రక్తం ఇచ్చిన టైమెంతో రాసిపెట్టుకుని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లు. రెండో రోజు ఆదివారం పడేలా ఉంటే ల్యాబ్ తీసి ఉంటుందో లేదో ముందే ఫోన్ చేసి కనుక్కో. ప్రొలాక్టిన్ మళ్లీ చేయించాక ఎంత వచ్చిందో రాయి, చూస్తుంటాను.