ఇనాం భూమి పాత రికార్డు: తహసీల్దారు ఆఫీసులో లేదంటే ఎక్కడ వెతకాలి?

మీరు అడిగింది ఇది: సత్తెనపల్లి దగ్గర ఊళ్లో మీ ముత్తాతగారికి ఇనాం (పాత పాలకులు శిస్తు లేకుండానో, తక్కువ శిస్తుకో ఇచ్చిన భూమి) ఉండేదని పెద్దలు చెబుతారు, చేతిలో కాగితం ఒక్కటీ లేదు, తహసీల్దారు ఆఫీసులో "1950కి ముందువి మా దగ్గర లేవు" అన్నారు.

వాళ్లు అబద్ధం చెప్పారని అనుకోనక్కర్లేదు. మండలాలు వచ్చిందే 1985లో. అంతకు ముందువన్నీ తాలూకా రికార్డులు. తాలూకాను చీల్చినప్పుడు కొన్ని కట్టలు పాత తాలూకా కేంద్రంలోనే ఉండిపోయాయి, కొన్ని కలెక్టరేటు రికార్డు రూముకు వెళ్లాయి. "పాత రికార్డులు కావాలి" అని అడిగితే ఎక్కడైనా లేవనే అంటారు. ఏ రిజిస్టరు, ఏ కాలానిది, అప్పటి జిల్లా, తాలూకా ఏవి అన్నది రాసి అడిగితే గుమస్తా లేచి అల్మారా దాకా వెళ్తాడు.

ముందు జిల్లా సంగతి తేల్చుకోండి. గుంటూరు జిల్లా 1904లో ఏర్పడింది. 1859 నుంచి అప్పటిదాకా మీ ప్రాంతం కృష్ణా జిల్లాలో ఉండేది. ఏ ఇనాం ఎవరిదో తేల్చడానికి ఇంగ్లీషు సర్కారు చేసిన ఇనాం విచారణ జరిగింది 1860ల్లో కాబట్టి, గుంటూరు పేరుతో వెతికితే మీ ఊరు దొరకదు. ఇలాంటివి చాలా ఉన్నాయి. ఒంగోలు 1904 దాకా నెల్లూరు జిల్లా. ఆదోని, ఆలూరు, రాయదుర్గం 1953 వరకు బళ్లారి. మునగాల పరగణా అయితే చుట్టూ నైజాం, తాను మాత్రం కృష్ణా జిల్లా. నల్గొండలో కలిసింది 1959లో.

మీకు మొదట కావలసింది ఆ విచారణలో రాసిన ఇనాం ఫెయిర్ రిజిస్టర్. అందరూ ఐ.ఎఫ్.ఆర్. అంటారు. దీనికి రాష్ట్ర ఆర్కైవ్స్‌కే దరఖాస్తు పెట్టండి. కోర్టుల్లో ఎక్కువగా దాఖలయ్యేది వాళ్లిచ్చిన సర్టిఫైడ్ కాపీయే. ఇనాం ఎవరిచ్చారు, ఎందుకిచ్చారు, విచారణ నాటికి ఎవరి అనుభవంలో ఉంది, చివరికి ఏం తేల్చారు అన్నవి ఒకే వరుసలో ఉంటాయి. ఆ వరుసలో ముందు చూడాల్సింది పేరు కాదు, ఎందుకిచ్చారన్న గడి. అక్కడ దేవదాయం (గుడికి ఇచ్చినది) అని ఉంటే, అనుభవదారుగా మీ పూర్వీకుల పేరున్నా భూమి గుడిదే. ఆ సర్వే నంబరు 22-ఎ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితా) ఉందో లేదో చూసుకున్నాకే మిగతా ఖర్చు పెట్టండి. సొంత ఇనాం అయి, క్విట్ రెంటు (ఇనాంపై వేసిన తక్కువ శిస్తు) కట్టి విడిపించుకున్నదైతే మీ దారి తేలిక.

పేరు విషయంలో ఒక మాట. 1860ల్లో నమోదైన మనిషి మీ ముత్తాతకు తాతో ముత్తాతో అవుతాడు. పైగా ఆ పేరు అప్పటి ఇంగ్లీషు గుమస్తా చెవికి విన్నట్టు రాసి ఉంటుంది. ఇంటిపేరు పట్టుకుని వెతకండి, స్పెల్లింగు పట్టుకుని కాదు.

చాలామంది ఇక్కడే ఆగిపోతారు, ఎందుకంటే ఐ.ఎఫ్.ఆర్.లో ఇప్పటి సర్వే నంబరు ఉండదు. సర్వే జరిగింది ఐ.ఎఫ్.ఆర్. రాశాక. ఐ.ఎఫ్.ఆర్.లో టైటిల్ డీడ్ నంబరు ఉంటుంది, టి.డి. నంబరంటారు. దాన్ని పట్టుకుని, శిస్తు మళ్లీ నిర్ణయించినప్పుడు రాసిన రీసెటిల్‌మెంట్ రిజిస్టర్‌కి, అంటే ఆర్.ఎస్.ఆర్.కి రావాలి. ఆర్.ఎస్.ఆర్.లో ఇనాం భూమి ఎదురుగా అదే టి.డి. నంబరు కనిపిస్తుంది, పక్కనే సర్వే నంబరు, మెట్టా పల్లమా, విస్తీర్ణం, శిస్తు. రెండు రిజిస్టర్లకూ ముడి ఆ ఒక్క నంబరే. అంతకు ముందు సెటిల్‌మెంటుది కావాలంటే డైగ్లాట్ (రెండు భాషల్లో రాసిన రిజిస్టరు) అని అడగండి. ఊరు జమీందారీదైతే మాత్రం ఆర్.ఎస్.ఆర్. కోసం తిరగొద్దు, అసలు రాయలేదు. 1948 ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చాక సర్వే చేసి రాసిన సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్ అడగాలి.

ఆర్.ఎస్.ఆర్. కాపీలో పట్టాదారు గడిలో పేరుకు బదులు చుక్కలుంటే కంగారుపడకండి. అవే చుక్కల భూములు: అప్పట్లో హక్కుదారు తేలక వదిలేసిన గడులు. చుక్కలున్నంత మాత్రాన సర్కారు భూమి కాదు. వీటిని సరిచేయడానికే ఆంధ్రప్రదేశ్‌లో 2017లో చట్టం వచ్చింది.

రిజిస్ట్రేషన్ వైపు కూడా చూడండి. ఆన్‌లైన్‌లో ఈ.సీ. (ఆస్తిపై రిజిస్టరైన లావాదేవీల పత్రం) 1983 నుంచే వస్తుంది. అంతకు ముందువి సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో చేత్తో వెతికించాలి. ఇండెక్సు 1 పేర్లది, ఇండెక్సు 2 ఆస్తులది. సర్వే నంబరు తెలిస్తే రెండోదే నయం. భూమి దస్తావేజులుండే మొదటి పుస్తకం నకలు ఎవరికైనా ఇస్తారు. వీలునామాలుండే మూడో పుస్తకానికి రాసినవారు చనిపోయినట్టు చూపాలి.

ఇంట్లో పాత ఉత్తర్వు ఏదైనా దొరికితే పైన నంబరుకు ముందున్న అక్షరం చూడండి. ఆర్.డిస్. అంటే శాశ్వతంగా ఉంచే ఫైలు. డి.డిస్. పదేళ్లు, కె.డిస్. మూడేళ్లు, ఎల్.డిస్. ఏడాది. 1962 నాటి డి.డిస్. ఫైలు కోసం రికార్డు రూము మెట్లెక్కడం దండగ, నియమం ప్రకారమే దాన్ని తగలబెట్టి ఉంటారు. ఆర్.డిస్. ఫైలు లేదంటే మాత్రం గట్టిగా నిలదీయవచ్చు.

తెలంగాణలోని పాత నైజాం ఊళ్లకు ఐ.ఎఫ్.ఆర్., ఆర్.ఎస్.ఆర్. పనికిరావు. అక్కడ సేత్వార్ (సర్వే నాటి మొదటి రికార్డు), 1954-55 ఖాస్రా పహాణీ, ఆ తర్వాత చెస్లా పహాణీ (పహాణీ అంటే ఏ భూమి ఎవరిది, ఎవరు సాగు చేస్తున్నారో రాసే రిజిస్టరు). ఇనాంకైతే ముంతఖబ్, అంటే ఇనాం హక్కు తేల్చి ఇచ్చిన పత్రం. సేత్వార్ ఉర్దూలో ఉంటుంది, అంకెలు కూడా. చదవగలిగిన మనిషిని ముందే చూసుకోండి. ఆ కాగితాల్లో ఉండే ఫసలీకి (రెవెన్యూ సంవత్సరం) 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది, కానీ నైజాం ఫసలీ అక్టోబరులో మొదలయ్యేది కాబట్టి జనవరి నుంచి రాసిన కాగితానికి 591 కలపాలి. ఇంకో చిక్కు విస్తీర్ణంతో. తెలంగాణ కాగితంలో 3-20 అంటే మూడెకరాల ఇరవై గుంటలు, అంటే మూడున్నర ఎకరాలు. ఆంధ్ర కాగితంలో 3.20 అంటే మూడెకరాల ఇరవై సెంట్లు. గుంటకు రెండున్నర సెంట్లు. ఈ తేడా చూసుకోకుండా దావా వేసినవాళ్లున్నారు.

ఇక దరఖాస్తు. ఊరి పాత పేరు, అప్పటి తాలూకా, జిల్లా, రిజిస్టరు పేరు, టి.డి. లేదా సర్వే నంబరు, ఇంతే రాయండి. కుటుంబ చరిత్ర రాయొద్దు, చదివేవాడికి అడిగిందేమిటో అర్థం కాదు. కాపీ ఎప్పుడూ సర్టిఫైడ్‌దే తీసుకోండి, ఫోన్లో ఫొటో కోర్టుకు పనికిరాదు. రికార్డు లేదని చెబితే ఆ నోటిమాటతో వచ్చేయకండి. సమాచార హక్కు కింద అదే ప్రశ్న వేయండి. మండల స్థాయిలో 5 రూపాయలు, పైస్థాయిలో 10, గడువు 30 రోజులు. "రికార్డు అందుబాటులో లేదు" అని రాతపూర్వకంగా వస్తే దాన్ని భద్రపరచండి. అసలు లేనప్పుడు నకలునో మరో ఆధారాన్నో కోర్టు ముందు పెట్టడానికి మీ వకీలు మొదట అడిగేది ఆ కాగితాన్నే.