మున్నెకొళాలలో అమ్మాయి ఒక్కతే పీజీలో ఉండొచ్చా?

మీరు అడిగింది: చెల్లెలికి బెంగళూరు ఔటర్ రింగ్ రోడ్డు మీద కంపెనీలో ఉద్యోగం వచ్చింది, మారతహళ్ళి పక్కన మున్నెకొళాలలో పీజీ (పేయింగ్ గెస్ట్ హాస్టల్) చూశారు, అక్కడ క్రైమ్ రేటు ఎలా ఉంటుంది అని.

ఉండొచ్చండి. నేను అక్కడ ఏడేళ్ళున్నాను. మూడేళ్ళు పీజీలో, పెళ్ళయ్యాక నాలుగేళ్ళు అద్దె ఇంట్లో. మాది ఒంగోలు పక్కన. మున్నెకొళాలకు వచ్చాక ఊరు మారినట్టే అనిపించలేదు. వీధికో కర్రీ పాయింటు, దగ్గర్లో తులసి థియేటర్‌లో మన సినిమాలు. మా ఇంటి ఓనరు కూడా ఆ ఊరి పాత రెడ్లే, ఇంట్లో తెలుగే. "ఏమప్పా, గేటు తెరిచిపెట్టి పోతిరే?" అనే తెలుగు. ఏడేళ్ళలో నా జోలికి వచ్చినవాడు లేడు. కానీ ఒక ల్యాప్‌టాప్ పోయింది, మా ఆయన ఫోను పోయింది, ఒక సంక్రాంతికి కింది పోర్షన్ తాళం పగిలింది. అక్కడ ఉండే భయం ఈ రకందే.

ల్యాప్‌టాప్ సంగతి కొంచెం వివరంగా చెప్తాను. పొద్దున ఏడున్నర. పీజీలో ఎవరికీ ఎవరూ పట్టని టైం అది. ఒకరు వేడినీళ్ళ కోసం, ఒకరు టిఫిన్ కోసం. రూమ్మేట్ స్నానానికి వెళ్ళింది, నేను తలుపు దగ్గరగా వేసి ఇడ్లీ తెచ్చుకుందామని దిగాను. పది నిమిషాల్లో తిరిగొస్తే బ్యాగు ఉంది, అందులో ల్యాప్‌టాప్ లేదు. సీసీటీవీలో చూస్తే, చక్కగా చుడీదార్ వేసుకున్న ఒకావిడ, రూము ఖాళీ ఉందేమో చూసుకోవడానికి వచ్చినదానిలా మెట్లెక్కి, అంతే నింపాదిగా దిగిపోయింది. గోడ దూకలేదు, తాళం పగలగొట్టలేదు. మా చుట్టుపక్కల పీజీల్లో నేను విన్న దొంగతనాలన్నీ దాదాపు ఇలాంటివే.

స్టేషన్‌కి వెళ్తే (ఏ స్టేషనో వద్దులెండి) "ఈ-లాస్ట్‌లో పోయిందని పెట్టుకోండి, మీ కంపెనీకి ఆ కాగితం చాలు" అన్నారు. ఆఫీసుకు టైం అవుతోంది, నాకు కావలసిందీ ఆ కాగితమే. పెట్టేశాను. రెండు రోజులయ్యాక గానీ బుర్రకెక్కలేదు. ఈ-లాస్ట్ అనే పోలీసుల ఆన్‌లైన్ సేవ ఉన్నది మనం పారేసుకున్న వస్తువుల కోసం. దొంగ మొహం సీసీటీవీలో కనబడుతుంటే, నేనే పారేసుకున్నానని నా చేత్తో రాసిచ్చాను. లెక్క ప్రకారం ఆ రోజు మా వీధిలో దొంగతనమే జరగలేదు!

అప్పటినుంచి ఏరియా క్రైమ్ రేటు అంటే నాకు నమ్మకం తక్కువ. జాతీయ నేర రికార్డుల బ్యూరో (ఎన్‌సీఆర్‌బీ) ఏటా ఇచ్చే లెక్క బెంగళూరు మొత్తానికి సంబంధించింది. మీ చెల్లి నడిచే వీధి సంగతి అందులో దొరకదు. పైగా ప్రతి ఫిర్యాదూ రాసుకునే స్టేషన్ పరిధిలో అంకె పెరుగుతుంది, నాలాంటివాళ్ళను ఈ-లాస్ట్‌కు పంపించే చోట తగ్గుతుంది.

మా ఆయన ఫోను విషయంలో అలా మోసపోలేదు. సర్వీస్ రోడ్డు పక్కన క్యాబ్ కోసం ఫోన్ చూస్తూ నిలబడితే స్కూటర్ మీద ఇద్దరు వచ్చి లాక్కుపోయారు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో ఇలా లాక్కుపోవడం 304 సెక్షన్ కింద విడిగా నేరం. పోయింది కాదు, లాక్కున్నారు అని గట్టిగా చెప్పాం, ఎఫ్‌ఐఆర్ రాశారు. మీ చెల్లికీ చెప్పండి: పరిధి మాది కాదని ఏ స్టేషనూ తిప్పి పంపకూడదు. ఆన్‌లైన్‌లో ఫిర్యాదు ఇస్తే మూడు రోజుల్లో వెళ్ళి సంతకం పెట్టాలి. ఎఫ్‌ఐఆర్ కాపీ ఉచితం. అసలు రాసుకోకపోతే డీసీపీకి రాతపూర్వకంగా పంపొచ్చు. మేమిచ్చిన ఫిర్యాదు కాపీతోనే, పోయిన ఫోన్లను ఆపేసే ప్రభుత్వ పోర్టల్ సీఈఐఆర్‌లో ఫోన్‌ని బ్లాక్ చేయించాం. ఫోను తిరిగి రాలేదనుకోండి. వాడికీ పనికిరాకుండా చేశామన్న కుళ్ళు సంతోషం మాత్రం మిగిలింది.

ఇక పీజీ. 2024 జూలైలో కోరమంగళలో ఒక పీజీలోకి బయటివాడు వచ్చి అమ్మాయిని చంపేశాక, పీజీలకు అప్పటి నగర పాలక సంస్థ బీబీఎంపీ నిబంధనలు పెట్టింది. సీసీటీవీ రికార్డింగు 90 రోజులు ఉంచాలి, 24 గంటలూ కనీసం ఒక మనిషి ఉండాలి. ఓనర్ని "కెమెరాలున్నాయా" అని అడిగితే ఉన్నాయనే అంటాడు. "పోయిన నెల రికార్డింగు చూపిస్తారా" అని అడగండి, మొహంలో తెలిసిపోతుంది. పగలు పొద్దున ఏడు నుంచి తొమ్మిది దాకా గేటు దగ్గర ఎవరుంటారో కూడా అడగండి. రాత్రి తాళం వేసే పీజీలు చాలానే ఉన్నాయి, నా ల్యాప్‌టాప్ పోయింది పొద్దున.

వీధిని మాత్రం రాత్రే చూడాలి. ఆదివారం మధ్యాహ్నం బ్రోకర్‌తో చూస్తే ఏ వీధైనా బాగానే ఉంటుంది. మామూలు పనిరోజు రాత్రి పదిన్నరకు బస్టాపు నుంచి పీజీ దాకా మీరు నడవండి. రింగ్ రోడ్డు పొడుగునా మెట్రో పనుల బారికేడ్లు, వాటి వెనక చీకటి. లోపలికి వచ్చాక ఏ మలుపు దగ్గర బేకరీ తెరిచి ఉందో గమనించండి. బెంగళూరులో వీధికి కాపలా బేకరీయే. టీ తాగేవాళ్ళు ఉన్నంతసేపూ నాకు భయం ఉండేది కాదు. షట్టర్ దించాక అదే వీధిలో పరుగులాంటి నడక. నేను రెండో పీజీ తీసుకున్నప్పుడు వెయ్యి రూపాయలు ఎక్కువైనా బేకరీ ఉన్న వీధిలోనే తీసుకున్నాను.

సంక్రాంతికి అందరం ఒకేసారి ఊళ్ళకు బస్సెక్కుతాం కదా, దొంగలకూ ఆ సంగతి తెలుసు. కింది పోర్షన్ పగిలింది భోగి రోజు రాత్రి. వాకిట్లో ముగ్గు లేదు, మూడు రోజుల పేపర్లు అక్కడే పడున్నాయి, ఇంకేం చెప్పాలి. ఇల్లు తీసుకుంటే అప్పుడు చూసుకోవాల్సిన సంగతి ఇది, పీజీలో ల్యాప్‌టాప్ వెంట తీసుకెళ్తే చాలు. ఫోన్లో 112 ఎలాగూ పెట్టుకుంటుంది.

కుక్కల సంగతి ఎవరూ చెప్పరు గానీ రాత్రి నన్ను నిజంగా భయపెట్టింది అవే. మా వీధిలో ఆరుండేవి. పార్లేజీ ప్యాకెట్లతో వాటిని మంచి చేసుకున్నాను. పక్క వీధివాటితో ఏడేళ్ళయినా కుదరలేదు.