కెమెరా ఎవరి చేతిలో ఉందో చూడు

చి. అమ్ములుకు,
అత్తయ్య ఆశీస్సులు.

పాడేరు ఏజెన్సీలో విలేజ్ హెల్త్ క్లినిక్‌లు చూసుకునే ఎంఎల్‌హెచ్‌పీలకు (మధ్యస్థాయి ఆరోగ్య కార్యకర్తలకు), ఏఎన్‌ఎంలకు నువ్వు శిక్షణ ఇవ్వబోతున్నావని అన్నయ్య ఫోన్ చేసి చెప్పాడు. పిల్లల మీద జరిగే హింసను ఈ-సంజీవని (ప్రభుత్వ వీడియో వైద్యం) కాల్‌లోనే ఎలా పసిగట్టాలో నేర్పుతావట. గర్వంగా ఉంది తల్లీ. గర్వం ఎంతుందో దిగులూ అంతే ఉంది. ఈ పనిని తప్పుగా నేర్పితే, అసలు నేర్పకపోవడం కన్నా బిడ్డకు ఎక్కువ ప్రమాదం.

ముందు తేలికవి చెప్పేస్తాను. హెడ్‌సెట్లు, పవర్ బ్యాంకులు లెక్క చూసుకో. కొండ మీద వీడియో ఆగిపోతే ఆడియోలో మాట్లాడి, ఫొటోలు పోర్టల్‌లో విడిగా ఎక్కించడం అలవాటు చేయించు. బ్యాచ్‌కి పన్నెండుమంది చాలు. రెండు రోజుల క్లాసు పెట్టి వదిలేయకు. వారానికి ఒక గంట పెట్టి, అందులో ఇరవై నిమిషాలు పాఠం చెప్పు, మిగతా సమయమంతా పేరూ ఊరూ చెప్పకుండా వాళ్ళ కేసులే మాట్లాడనివ్వు. సంజీవ్ అరోరా 2003లో న్యూమెక్సికోలో హెపటైటిస్-సి కోసం మొదలుపెట్టిన ఎకో పద్ధతి ఈ దారిలోనిదే. మారుమూల ఉన్నవాళ్ళకు అది బాగా అచ్చొస్తుంది.

ఇక నాకు నిద్ర పట్టనివ్వని సంగతి. 2020 మార్చి 25న వచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం మైనర్‌ను చూడాలంటే పక్కన ఒక పెద్దమనిషి ఉండాలి, ఆ మనిషి ఎవరో నిర్ధారించుకోవాలి. మంచి నియమమే. కానీ కొట్టిన చెయ్యి ఆ పెద్దమనిషిదే అయితే? మా తరం వైద్యులం ఏళ్ళ తరబడి చేసిన తప్పు ఇక్కడే ఉంది. దవడ కమిలిన బిడ్డ వస్తుంది. "ఏమైంది?" అని డాక్టరు అడుగుతాడు. "ఉయ్యాల్లోంచి పడిందండీ" అని పెద్దవాళ్ళు చెబుతారు. బిడ్డ నేలచూపులు చూస్తుంది. డాక్టరు ఆ మాటే కేసు షీట్లో ఎక్కించి, పారాసెటమాల్ రాసి పంపేస్తాడు. ఎదురుగా కూర్చున్నప్పుడే అలా జరిగితే, తెర మీద ఇంకెంత సులువు! ఫోను పట్టుకున్న చెయ్యి ఎటు తిప్పితే అటే కదా చూసేది. ఆ చెయ్యి చెవి వెనక్కి తిప్పదు, చొక్కా ఎత్తదు.

దీనికి ఎదురుగా ఇంకో తప్పుంది, అది మరీ ఘోరం. అనుమానం వచ్చిన డాక్టరు స్పీకర్లోనే "నిన్నెవరైనా కొట్టారా?" అని అడిగేస్తాడు. బిడ్డ తల అడ్డంగా ఊపుతుంది. కాల్ అయిపోయాక అదే మనిషి వేలు పట్టుకుని ఇంటికి వెళ్తుంది. ఆ ప్రశ్నకు శిక్ష రాత్రికి బిడ్డకే పడుతుంది. డాక్టరుకు ఆ సంగతి ఎప్పటికీ తెలియదు. బిడ్డను అడగాల్సిన ప్రశ్నల జాబితా నీ స్లైడ్లలో ఉందని అన్నయ్య మురిసిపోతూ చెప్పాడు. ఆ స్లైడు తీసెయ్. తిడుతున్నాననుకోకు, నిజంగానే తీసెయ్.

దాని బదులు ఇది నేర్పు. ఫోను ఎప్పుడూ ఎంఎల్‌హెచ్‌పీ చేతిలోనే ఉండాలి, ఇంటివాళ్ళకు ఇవ్వకూడదు. కాల్ కలవగానే వెలుతురు చూసుకుంటున్నట్టు గదంతా ఒకసారి తిప్పి చూపించాలి. గుమ్మంలో ఎవరున్నారో తెర అవతలి హబ్ డాక్టరుకు తెలియాలి. డాక్టరు మాట హెడ్‌సెట్లోనే వినపడాలి. పెద్దవాళ్ళను రిజిస్ట్రేషన్ వివరాల కోసం ఏఎన్‌ఎం దగ్గర కూర్చోబెట్టి, బరువు తూచే నెపంతో బిడ్డను పక్కకు తీసుకెళ్ళాలి. వీలు కాకపోతే ముందే అనుకున్న ఒక మాట అనాలి. "పాత కార్డు దొరకలేదు సార్" అంటే ఎవరో వింటున్నారని అర్థం. అది వినగానే డాక్టరు గాయం గురించి తవ్వడం ఆపేసి, "రక్తపరీక్ష కావాలి, పెద్దాసుపత్రికి పంపండి" అనాలి. మిగతా సంగతులు తర్వాత వేరే కాల్‌లో మాట్లాడుకోవచ్చు. ఇదంతా రోల్ ప్లేలో పదిసార్లు చేయించు. ప్రతిసారీ ఒకరు ఆ పెద్దమనిషి వేషం కట్టి అడ్డు తగలాలి.

బిడ్డే నోరు విప్పితే "ఏం జరిగింది నాన్నా?", "ఆ తర్వాత?" అంతే. "మామయ్య చెయ్యి వేశాడా?" అన్నామంటే జవాబు మనమే బిడ్డ నోట్లో పెట్టినట్టు. ఆ సాక్ష్యం కోర్టులో నిలవడం కష్టం. కువి భాషలో చెబితే కువిలోనే, తెలుగు లిపిలో, బిడ్డ అన్న మాట అన్నట్టుగా రాయాలి. మనం అడిగిన ప్రశ్న కూడా పక్కనే ఉండాలి. చుట్టాలను దుబాసీగా పెట్టొద్దు. ఆశా కార్యకర్తను పెట్టేముందు ఆ ఇంటికి ఆమె ఏమవుతుందో కనుక్కో. చిన్న ఊళ్ళలో అందరూ అందరికీ ఏదో ఒకటవుతారు.

గుర్తుల సంగతి. టెన్-4 సూత్రం అందరికీ నోటికి రావాలి. నాలుగేళ్ళలోపు బిడ్డకు మొండెం, చెవి, మెడ మీద కమిలినా, ఐదు నెలలు నిండని పసికందుకు ఒంటి మీద ఎక్కడ కమిలినా ఆగి చూడాలి. పై పెదవిని చిగురుకు కలిపే పొర చిరగడం, దవడ మూల, మెత్తటి బుగ్గ, కనురెప్ప, కంటి తెల్లగుడ్డులో రక్తం, బెల్టు అచ్చో పళ్ళ అచ్చో ఉన్న మచ్చ కూడా ఆ కోవలోవే. పాకడమైనా రాని బిడ్డ తనంతట తాను కమిలేలా పడడం చాలా అరుదు. పుట్టుకతో వచ్చిన నీలిమచ్చ నడుం కింద ఉంటే మాత్రం కంగారుపడొద్దు. మంగోలియన్ స్పాట్ మన పిల్లల్లో మామూలే. కమిలింది రోజురోజుకీ మారుతుంది, అది మారదు. జబ్బు తగ్గాలని పెట్టిన వాతలు తరచూ పొట్ట మీద వరసగా ఉంటాయి. అదీ గాయమే, వైద్యం చెయ్యాలి. కానీ కసితో కాల్చినదానితో కలిపేయొద్దు. రంగు చూసి "ఇది మూడు రోజుల కిందటిది" అని ఎవరినీ రాయనివ్వకు. కళ్ళెదుట చూసినా అది చెప్పలేం, వీడియోలో రంగే నమ్మలేం.

ఫొటోలు మూడు: దూరంగా ఒకటి, ఆ భాగం ఒకటి, స్కేలు పెట్టి దగ్గరగా ఒకటి. కిటికీ వెలుతురు పక్కనుంచి పడాలి, కెమెరా చర్మానికి నిటారుగా ఉండాలి. స్కేలు లేకపోతే పది రూపాయల నాణెం పెట్టొచ్చు, దాని వ్యాసం 27 మిల్లీమీటర్లు. చామనఛాయ ఒంటి మీద కమిలింది తేలిగ్గా కనపడదు, చేత్తో తాకి వాపూ నొప్పీ చూడాలి. మర్మాంగాల ఫొటో ఫోనుతో ఎట్టి పరిస్థితుల్లోనూ తీయకూడదు. ఏ ఫొటో అయినా వాట్సాప్‌లో తిరగకూడదు. మర్మాంగాల పరీక్ష తెర మీద చేసేది కాదు, ఆసుపత్రిలో చేసేది. ఆడపిల్లైతే మహిళా డాక్టరే చెయ్యాలి. లైంగిక హింస అనుమానం ఉంటే, అది జరిగిన 72 గంటల్లో హెచ్‌ఐవీ నివారణ మందులు మొదలవ్వాలి, 96 గంటల్లోపు నమూనాలు తీసుకోవాలి కాబట్టి పంపడం రేపటికి వాయిదా వేయొద్దు. ఎఫ్‌ఐఆర్ తెమ్మని ఏ డాక్టరూ వైద్యం ఆపకూడదు, 2020 పోక్సో (పిల్లల మీద లైంగిక నేరాల చట్టం) నియమాలు ఆ మాట స్పష్టంగా చెబుతున్నాయి. ఇంకొకటి, లైంగిక హింస జరిగిన చాలామంది పిల్లల్లో పరీక్ష మామూలుగానే ఉంటుంది. "గాయాల్లేవు, ఏమీ జరగలేదు" అని ఎవరైనా రాస్తే అక్కడే ఆపి సరిచెయ్యి.

పోలీసులకు రిపోర్టు ఎవరు చెయ్యాలన్న దగ్గర హబ్ (డాక్టరు) స్పోక్ (ఊరి క్లినిక్) మీద, స్పోక్ హబ్ మీద వేసుకుంటారు. నేరం జరిగిందని తెలిసిన ప్రతి మనిషికీ పోక్సో సెక్షన్ 19 వర్తిస్తుంది. చెప్పకపోతే సెక్షన్ 21 కింద ఆరు నెలల దాకా జైలు. రుజువులు మనం సేకరించనక్కర్లేదు. సదుద్దేశంతో చెప్పినవాళ్ళ మీద కేసు ఉండదు. ఇద్దరూ చెయ్యాలని, ఏ గంటకు ఎవరికి చెప్పారో కేసు షీట్లో రాయాలని నేర్పు. పోలీసులు 24 గంటల్లో బాలల సంక్షేమ కమిటీకి తెలపాలి. కొట్టడం, ఆకలికి మాడ్చడం లాంటివి పోక్సో కిందకు రావు. వాటికి 2015 జువెనైల్ జస్టిస్ చట్టం ఉంది, పిల్లల హెల్ప్‌లైన్ 1098 ఉంది.

ఎంఎల్‌హెచ్‌పీ పిల్ల అదే ఊళ్ళో ఒంటరిగా ఉంటుంది, చెప్పింది ఆమేనని బయటికి రానివ్వకు. ఇరవై నాలుగేళ్ళ పిల్లలమ్మా వాళ్ళు, వాళ్ళకూ భయముంటుంది. కేసు వచ్చిన రాత్రి నువ్వే ఫోన్ చేసి మాట్లాడు.

కాల్ కట్ చేసేముందు డాక్టరు అడగాల్సిన ఆఖరి ప్రశ్న: "ఈ రాత్రి బిడ్డ ఎవరి దగ్గర పడుకుంటుంది?" దీన్ని నీ మొదటి స్లైడు మీద పెట్టు. జవాబు సరిగ్గా లేకపోతే బిడ్డను అబ్జర్వేషన్‌లో ఉంచుకుని, అప్పటికప్పుడే 1098కి చెప్పాలి.

చీకటి పడ్డాక ఘాట్ దిగొద్దు. రోల్ ప్లే రాశాక నాకు పంపు, ఆ పెద్దమనిషి మాటలు నేను సరిచేస్తాను.

మీ అత్తయ్య