రక్తం వస్తా ఉందని ఆ చోట బ్రష్ ఆపేశాను, మంచిదేనా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది టంగుటూరు, నాకు 38 ఏళ్లు. నాలుగు నెలల నుంచి బ్రష్ చేస్తే కింద ముందు పళ్ల చిగుళ్ల నుంచి రక్తం వస్తా ఉంది, అందుకని అక్కడ వదిలేసి మిగతా పళ్లే తోముకుంటున్నా. క్లీనింగ్ చేయిస్తే పళ్లు కదిలిపోతాయని మా అత్త అంటది. మా ఆయన రోజుకి నాలుగైదు చుట్టలు తాగుతాడు, ఆయనకు చుక్క రక్తం రాదు. మరి నాకే ఎందుకు?
- ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, ఈ రాత్రి నుంచే ఆ చోట కూడా తోమండి, మెత్తటి బ్రష్ తీసుకోని మెల్లగా. మీరు వదిలేసిన చోటే చెడ్డ బాక్టీరియా పెరగతా ఉంటది.

మనుషుల నోళ్లలో 700 రకాలకు పైగా బాక్టీరియా కనిపెట్టారు. పళ్లు తోమిన కొద్ది గంటలకే స్ట్రెప్టోకాకస్ రకాలు వచ్చి పంటికి అంటుకుంటాయి, వీటితో చిగుళ్లకు పెద్ద చేటు లేదు. తర్వాత ఫ్యూసోబాక్టీరియమ్ అని సన్నగా పొడుగ్గా ఉండేది వస్తది, దీనికి ముందొచ్చిన వాటినీ పట్టుకునే గుణం ఉంది, వెనకొచ్చే వాటినీ పట్టుకునే గుణం ఉంది, అట్లా ఒకదాని మీద ఒకటి చేరి పాచి మందం అయ్యేకొద్దీ అడుగున గాలి ఆడదు, అప్పుడు గాలి గిట్టని పోర్ఫిరోమోనాస్ జింజివాలిస్ లాంటివి చిగురు సందులో కాపురం పెడతాయి. దీనికి ఐరన్ కావాలి, అది మన రక్తంలోంచే లాక్కుంటది. అంటే చిగురు వాచి రక్తం కారేకొద్దీ దానికి మేత దొరుకుతా ఉంటది, అది బలిసేకొద్దీ వాపు ఎక్కువవుతది. పంటి కింద ఎముక కరిగేది కూడా చాలావరకు మన ఒళ్లు దాంతో పోరాడేటప్పుడు వచ్చే ఆ వాపు వల్లే.

1965లో డెన్మార్క్‌లో 12 మంది చేత పళ్లు తోమడం మాన్పించి చూస్తే 10 నుంచి 21 రోజుల్లో అందరికీ చిగుళ్లు వాచాయి, మళ్లీ తోమడం మొదలుపెట్టగానే వాపు దిగింది. మీది ఇంకా పైపైనే ఉంటే అట్లాగే తగ్గుతది.

కాకపోతే ఒకటి చూసుకోండి. కింద ముందు పళ్ల లోపలి వైపు నాలుక పెట్టి రుద్దండి, గరుగ్గా తగిలితే అది గార, పాచి రాయిలా గట్టిపడింది, బ్రష్‌కి రాదు, క్లీనింగ్ చేయించాల్సిందే. మీ అత్తగారు చెప్పేది చాలామంది నమ్ముతారు, నిజానికి ఎముక అప్పటికే కరిగిపోయి గారే పళ్లను పట్టి ఉంచుతుంటే అది తీసినాక కదలడం తెలుస్తది, అంతే, క్లీనింగ్ వల్ల పళ్లు వదులు కావు. షుగర్ టెస్ట్ కూడా చేయించుకోండి, షుగర్ ఉంటే చిగుళ్లు తొందరగా పాడవుతాయి.

మీ కంటే నాకు మీ ఆయన గురించే ఎక్కువ దిగులుగా ఉంది. పొగ తాగేవాళ్ల చిగుళ్లకు రక్తం సరిగ్గా అందదు, అందుకే లోపల ఎముక పోతున్నా బయటికి రక్తం కనపడదు. మీరు పోయే రోజే ఆయన్ని కూడా వెంటబెట్టుకోని పోయి చిగురు సందు లోతు కొలిపించండి, 3 మిల్లీమీటర్ల లోపు ఉంటే పర్లేదు, 4 గానీ ఆపైన గానీ ఉంటే వైద్యం అప్పుడే మొదలుపెట్టించండి.