టెక్ సందేహాలు: మూలన పెట్టిన గడ్డి మిషన్ మొరాయిస్తే?

ఈ వారం వచ్చిన ప్రశ్నల్లో ఫోన్ల గోల తక్కువ, తోట మిషన్ల గోల ఎక్కువ. వాడుతుండగా పాడైనవాటి కంటే వాడకుండా పెడితే పాడైనవే ఎక్కువ కనిపిస్తున్నాయి.

నూజివీడు దగ్గర మాకు మామిడి తోట ఉంది. పెట్రోలులో ఆయిల్ కలిపి నడిపే టూ-స్ట్రోక్ బ్రష్ కట్టర్ (కలుపు కోసే మిషన్) కొని రెండేళ్లయింది. కలుపు కోత అయ్యాక షెడ్డులో పెట్టి, నాలుగు నెలల తర్వాత తీస్తే తాడు లాగి లాగి భుజం పోయింది గానీ స్టార్ట్ కాలేదు. మెకానిక్ కార్బరేటర్ మార్చాలంటున్నాడు. మార్చాల్సిందేనా?

తొందరపడకండి. ముందు ట్యాంకులో మిగిలిన పెట్రోలు ఒక గాజు సీసాలోకి వంపి, కదపకుండా పది నిమిషాలు ఉంచండి. అడుగున వేరే పొర కనిపిస్తే దొంగ దొరికినట్టే. ఇప్పుడు బంకుల్లో పోసేది ఈ20 పెట్రోలు, అంటే అందులో 20 శాతం దాకా ఇథనాల్. అది గాలిలోని తేమను లాక్కుంటుంది. తేమ ఒక మోతాదు దాటాక నీళ్లూ ఇథనాల్ కలిసి పెట్రోలు నుంచి విడిపోయి కిందికి దిగుతాయి. మీరు కలిపిన టూ-టి ఆయిల్ (టూ-స్ట్రోక్ ఇంజన్ ఆయిల్) మాత్రం పైన పెట్రోలుతోనే ఉండిపోతుంది. ట్యాంకులో పెట్రోలు పీల్చే గొట్టం చివర బరువుండే ఫిల్టరు ఉంటుంది కదా, అది పడుకునేది అడుగునే. ఇంజన్‌కు మొదట అందేది ఆయిల్ చుక్క లేని ఆ నీళ్ల సరుకే. అదృష్టం బాగుండి స్టార్ట్ కాలేదనుకోండి. అయి ఉంటే పిస్టన్ పట్టేసేది.

పెట్రోలు బాగానే ఉంటే, రెండో అనుమానం కార్బరేటర్ లోపలి పల్చటి రబ్బరు పొర, అదే డయాఫ్రం. పాత పెట్రోలులో నాని, ఎండి, అది అట్ట ముక్కలా బిగుసుకుపోతుంది. ప్రైమర్ బల్బు (స్టార్ట్ చేసేముందు నొక్కే చిన్న రబ్బరు బుడగ), పెట్రోలు గొట్టాలు పగిలాయేమో కూడా చూడండి. డయాఫ్రం కిట్ విడిగా దొరుకుతుంది, కార్బరేటర్ ధరతో పోలిస్తే చాలా చౌక. ‘కిట్ వేసి చూడు, ఆ తర్వాత మాట్లాడదాం’ అని మెకానిక్‌తో మొహమాటం లేకుండా చెప్పండి.

ఈసారి పక్కన పెట్టేముందు ఆరుబయట ట్యాంకు ఖాళీ చేసి, ప్రైమర్ నాలుగైదుసార్లు నొక్కి, ఇంజన్ స్టార్ట్ చేసి దానంతటది ఆగేదాకా నడవనివ్వండి. కార్బరేటర్‌లో మిగిలింది కూడా అయిపోతుంది. చల్లారాక ప్లగ్గు తీసి, రంధ్రంలో నాలుగు చుక్కలు టూ-టి ఆయిల్ వేసి, తాడు మెల్లగా రెండుసార్లు లాగి, ప్లగ్గు బిగించండి. బ్లేడు తుడిచేముందు మాత్రం ప్లగ్గు క్యాప్ ఊడదీసి పెట్టుకోవాలి. ఇంజన్ ఆగే ఉంది కదా అన్న ధీమా వద్దు.

ఇక ఆయిల్ కలపడం సంగతి. మాన్యువల్‌లో 50:1 అని ఉంటే లీటరు పెట్రోలుకు 20 మిల్లీలీటర్ల ఆయిల్, 25:1 అయితే 40. ఎన్ని రోజులకు సరిపోతుందో అంతే కలపండి, నెల దాటితే వాడొద్దు. చాలా చిన్న ఇంజన్ల మాన్యువళ్లు ఇథనాల్ 10 శాతం దాటొద్దనే అంటాయి. మనకు దొరికేది ఈ20 కాబట్టి నిల్వ విషయంలో ఇంకా గట్టిగా ఉండాలి. మిగిలిన పెట్రోలు కూల్‌డ్రింకు సీసాలో పోసి గూట్లో పెట్టే అలవాటు పల్లెల్లో ఇంకా ఉంది. పిల్లలు దాహమేసి తాగేది అదే. పెట్రోలు కోసమే చేసిన క్యాను కొనండి. పొయ్యికీ, ఇన్వర్టరుకూ దూరంగా, తాళం వేసే చోట పెట్టండి.

కడియంలో నర్సరీ మాది. 21 వోల్టుల బ్యాటరీ కత్తెర, చిన్న చేతి రంపం మిషన్ వాడుతున్నాం. రేకుల షెడ్డులో రాత్రంతా ఛార్జింగ్‌లో పెడతాం. మొదట్లో ఒక పూట వచ్చిన బ్యాటరీ ఇప్పుడు గంట రావట్లేదు.

రాత్రంతా పెట్టడమే సగం కారణం, రేకుల షెడ్డు మిగతా సగం అయ్యుంటుంది. మీ బ్యాటరీలో ఐదు లిథియం సెల్స్ వరసగా ఉంటాయి. ఒక్కోటి నిండితే 4.2 వోల్టులు, ఐదూ కలిపి 21. పని చేసేటప్పుడు ఉండేది సగటున 18 వోల్టులే. (అదే ఐదు సెల్స్ పెట్టి డబ్బా మీద 48 అనో 88 అనో వేసి అమ్మేవాళ్లూ ఉన్నారు. ఆ అంకెను చూసి కొనకండి.) చవక బ్యాటరీల్లో సెల్స్ అన్నీ సమంగా నిండేలా చూసే సర్క్యూట్ ఉండదు. ఒక సెల్ బలహీనపడితే మొత్తం దానితో పాటే కుంటుతుంది. నిండుగా ఉండి ఎండకు కాగే బ్యాటరీ ఇంకా తొందరగా ముసలిదవుతుంది.

పని కాగానే ఛార్జింగ్‌కు పెట్టకుండా, చేతికి చల్లగా తగిలేదాకా ఆగండి. మెలకువగా ఉన్నప్పుడు, సిమెంటు గచ్చు మీద పెట్టండి. గోనె సంచుల మీదా, కొబ్బరి పొట్టు బస్తాల పక్కనా వద్దే వద్దు, మీ దగ్గర అవే ఎక్కువ ఉంటాయని తెలిసే చెబుతున్నా. వారాల తరబడి వాడరనుకుంటే నాలుగు లైట్లలో రెండు వెలిగే స్థాయిలో, మిషన్ నుంచి విడదీసి ఇంట్లో నీడపట్టున ఉంచండి. పగిలిన, ఉబ్బిన, తడిసిన బ్యాటరీని మళ్లీ ఛార్జ్ చేయొద్దు.

కత్తెర బ్లేడుకు సొన పట్టి బిగుసుకుంటే మోటారుకు పని పెరుగుతుంది, బ్యాటరీ అలా కూడా కరిగిపోతుంది. రోజూ సాయంత్రం బ్యాటరీ తీసేసి సొన తుడిచి, రెండు చుక్కలు నూనె వేయండి. ‘బ్యాటరీ తీసేసి’ అన్నది ముఖ్యం. ఆన్‌లో ఉన్న కత్తెర ట్రిగ్గర్‌కు గుడ్డ కొస తగిలినా కొరుకుతుంది, కొమ్మకూ వేలుకూ దానికి తేడా తెలియదు. తెగులు మొక్క నుంచి మంచి మొక్కకు మారేటప్పుడు స్పిరిట్‌తో తుడిస్తే, అది ఆరాకే బ్యాటరీ బిగించండి.

బ్రష్ కట్టర్ బ్లేడు నట్టు ఎంత తిప్పినా ఊడట్లేదు. సుత్తితో కొట్టమంటారా? (ఖమ్మం)

వద్దు! అది ఎడమ మర. మామూలు నట్టుకు వ్యతిరేకంగా, గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితే ఊడుతుంది. మీరు ఇన్నాళ్లూ బిగిస్తూ ఉన్నారన్నమాట. ప్లగ్గు క్యాప్ తీసి, గేర్ తలలోని రంధ్రంలో ఎలన్ కీ దూర్చి ఆపి, మందపాటి గ్లవ్స్ వేసుకుని తిప్పండి. రేసు వదిలాక కూడా బ్లేడు ఆగకుండా తిరుగుతూనే ఉంటే ఐడిల్ స్పీడు ఎక్కువైందని గానీ, క్లచ్ స్ప్రింగ్ పోయిందని గానీ అర్థం. బాగు చేయించేదాకా పనికి తీయొద్దు. నైలాన్ తీగ వాడేవాళ్లకో చిట్కా: ఎండిపోయి పుటుక్కున తెగుతుంటే ఒక రాత్రి నీళ్లలో నానబెట్టండి, మెత్తబడుతుంది.

డాలస్‌లో ఉంటాం. డిసెంబరులో వస్తూ నాన్నగారికి 56 వోల్టుల బ్యాటరీ రంపం తేవచ్చా? ఒక అనుమానం కూడా: బ్యాటరీ నిండా ఛార్జ్ చేసి గరాజ్‌లో పెడితే తర్వాత ఒక్క గీతే చూపిస్తోంది.

రెండోది ముందు చెబుతా. చెడిపోలేదు. నిండుగా ఉండిపోతే ఆయుష్షు తగ్గుతుందని, కొన్ని కంపెనీల బ్యాటరీలు కొన్నాళ్లకు తమంతట తామే ఛార్జి దించుకుంటాయి. వాడేముందు మళ్లీ నింపితే చాలు.

తేవడం మాత్రం కష్టం. ప్రయాణికుల విమానంలో 100 వాట్-అవర్ల దాకా బ్యాటరీలను మామూలుగా ఒప్పుకుంటారు. 100 నుంచి 160 మధ్య అయితే ఎయిర్‌లైన్ అనుమతి కావాలి. ఆపైన క్యాబిన్‌లోకీ రానివ్వరు, లగేజీలోకీ రానివ్వరు. మీ 56 వోల్టుల బ్యాటరీ 5 ఆంపియర్-అవర్లదనుకుంటే, రెండూ గుణిస్తే 280 వాట్-అవర్లు. రంపం తెచ్చి బ్యాటరీ ఇక్కడ వెతుక్కుందామంటే అదే కంపెనీది దొరకాలిగా! పైగా అక్కడి ఛార్జరు మీద 120 వోల్టులే అని రాసి ఉంటే, మన 230 వోల్టులకు పెట్టగానే పొగ వస్తుంది.

తెచ్చి తీరాలనుకుంటే 18 వోల్టుల తరగతిలో చిన్నది చూడండి. 5 ఆంపియర్-అవర్ల బ్యాటరీ 90 వాట్-అవర్లే, విడి బ్యాటరీని చేతి సంచిలో పెట్టుకోవాలి. రంపం, గొలుసు, తొడుగు చెక్-ఇన్ లగేజీలోకి. ఛార్జరు మీద 100-240 అని ఉందో లేదో కొనేముందే చదవండి. పెట్రోలు రంపమైతే ఒక్కసారి వాడినదైనా ఆశ వదులుకోండి, ట్యాంకు కడిగినా వాసన పోదు, కౌంటర్ దగ్గరే ఆపేస్తారు.