శ్రీపెరంబుదూరు ఫ్యాక్టరీలో ఆడిట్ మొదలుపెడుతున్న మేనకోడలికి

చెన్నై, అంబత్తూరు

చి. అమ్మలుకు మామయ్య ఆశీస్సులు.

పర్యావరణ ఆడిట్, కరెంటు ఆదా రెండూ నీకే అప్పగించారని మీ అమ్మ చెప్పింది. మంచి పని. అయితే ఈ రెంటికీ వేర్వేరు ఫైళ్ళు తెరిచి, వేర్వేరు రోజుల్లో చేయాలని చూడకు. గేటు లోపలికి వచ్చిన కరెంటు, డీజిల్, నీళ్ళు, నూనె, రసాయనాలు ఎటు వెళ్ళాయన్నదే నీ లెక్క. ఎక్కడ ఆ లెక్క తేలదో అక్కడ డబ్బూ పోతుంటుంది, కాలుష్యమూ పుడుతుంటుంది.

మొదట వచ్చే ఆదివారం, లైన్లన్నీ ఆగి ఉన్నప్పుడు వెళ్ళు. ఈబీ (కరెంటు బోర్డు) మీటర్ దగ్గర గంటకోసారి రీడింగు రాసుకో. ఏ ఉత్పత్తీ లేకుండా 120 కిలోవాట్లు లాగుతోందనుకో. రోజుకు 24 గంటల చొప్పున 52 ఆదివారాలకే దాదాపు లక్షన్నర యూనిట్లు! రాత్రుళ్ళు, భోజన విరామాలు ఇందులో కలపలేదు. తర్వాత ఎలక్ట్రీషియన్‌ను వెంటబెట్టుకుని ఫీడర్లు (ఒక్కో విభాగానికి కరెంటు పంపే లైన్లు) ఒక్కొక్కటే ఆపిస్తూ రీడింగు ఎంత పడిందో చూడు. సాధారణంగా దొరికేవి ఇవే: లీకులకు గాలి పోస్తున్న కంప్రెసర్, ఎవరికీ అక్కర్లేని కూలింగ్ టవర్ పంపు, ప్రెస్సుల హైడ్రాలిక్ పవర్ ప్యాకులు, ఓవెన్ బ్లోయర్. ఏది ఆపాలన్నా ముందు మెయింటెనెన్స్ వాళ్ళ అనుమతి తీసుకో. మంటలార్పే పైపుల్లో ఒత్తిడి నిలిపే ఫైర్ జాకీ పంపు, మురుగునీటిని శుద్ధి చేసే ఎస్‌టీపీ గాలి బ్లోయర్ జోలికి మాత్రం పోవద్దు. చాలా గంటలు గాలి అందకపోతే ట్యాంకులోని బ్యాక్టీరియా చచ్చిపోతుంది. అది మళ్ళీ పెరిగేదాకా శుద్ధి చేసిన నీళ్ళు పరీక్షలో పాసవ్వవు.

ఇక బిల్లులు. గత 12 నెలల యూనిట్లు ఒకవైపు, ఆయా నెలల ఉత్పత్తి టన్నులు మరోవైపు పెట్టి గ్రాఫ్ గీయి. చుక్కల మధ్యగా పోయే గీత సున్నా టన్నుల దగ్గర ఎన్ని యూనిట్లు చూపిస్తుందో అదే ఉత్పత్తితో సంబంధం లేకుండా కాలే కరెంటు. ఆదివారం కిలోవాట్ల రీడింగును నెలలోని గంటలతో గుణిస్తే వచ్చేదానితో అది సుమారుగా సరిపోవాలి. గీత మీద కూర్చోకుండా దూరంగా పడిన నెల ఏదైనా ఉంటే ఆ నెలలో ఏం జరిగిందో షిఫ్ట్ సూపర్‌వైజర్లను అడుగు. టన్నుకు ఇన్ని యూనిట్లని ఒకే సగటు పెట్టుకుంటే, ఉత్పత్తి తగ్గిన నెలలో పాపం ఎవరి తప్పూ లేకుండానే ఆ అంకె పెరుగుతుంది.

కంప్రెస్డ్ ఎయిర్ గురించి కొంచెం వివరంగా రాస్తాను. ఆటో విడిభాగాల ఫ్యాక్టరీలో త్వరగా, తక్కువ ఖర్చుతో తగ్గేది అదే. 7 బార్ (బార్ అంటే ఒత్తిడి కొలత) లైనులో 3 మిల్లీమీటర్ల రంధ్రం ఒక్కటుంటే కంప్రెసర్ దగ్గర 3 నుంచి 4 కిలోవాట్లు తింటుంది. లీకులు మొత్తం ఎంతో కనుక్కోవడానికి పెద్ద పరికరాలేమీ అక్కర్లేదు. యంత్రాలన్నీ ఆపి, లైను వాల్వులు తెరిచే ఉంచి, ఒక్క స్క్రూ కంప్రెసర్‌ను నడిపించు. అది లోడ్ అయిన (గాలి నింపుతున్న) సమయం, అన్‌లోడ్ అయిన (ఊరికే తిరుగుతున్న) సమయం సెల్‌ఫోన్ స్టాప్‌వాచ్‌తో కనీసం పది సైకిళ్ళు రాసుకో. సగటున లోడ్ 90 సెకన్లు, అన్‌లోడ్ 210 సెకన్లు వచ్చిందనుకో. 90ని మొత్తం 300తో భాగిస్తే 30 శాతం. 500 సీఎఫ్ఎం (నిమిషానికి ఘనపుటడుగులు) కంప్రెసర్‌లో 150 సీఎఫ్ఎం గాలిలో కలిసిపోతున్నట్టు. 10 శాతం లోపుంటే బాగున్నట్టు లెక్క. మీ దగ్గరున్నది వీఎఫ్‌డీ (అవసరాన్ని బట్టి మోటారు వేగం మార్చే పరికరం) ఉన్న కంప్రెసరైతే అది లోడ్-అన్‌లోడ్ కాదు కాబట్టి ఈ పద్ధతి కుదరదు. అప్పుడు లైను నింపి కంప్రెసర్ ఆపేసి, ఒత్తిడి 7 నుంచి 6 బార్‌కు పడటానికి ఎన్ని నిమిషాలు పట్టిందో చూడు. రిసీవర్, పైపుల మొత్తం ఘనపరిమాణాన్ని ఆ నిమిషాలతో భాగిస్తే నిమిషానికి ఎన్ని ఘనపు మీటర్లు పోతోందో వస్తుంది. 5 ఘనపు మీటర్ల లైను 2 నిమిషాల్లో ఒక బార్ పడితే నిమిషానికి 2.5 ఘనపు మీటర్లు, అంటే 90 సీఎఫ్ఎంకు కొంచెం తక్కువ.

పెద్ద పైపుల్లో లీకులు తక్కువ. ఉండేవి యంత్రం దగ్గరి చివరి రెండు మీటర్లలోనే. ఫిల్టర్-రెగ్యులేటర్ గిన్నెల అంచులు, పుష్-ఫిట్ కనెక్టర్లు, ఎండిన పీయూ ట్యూబులు, క్విక్ కప్లింగులు, నీళ్ళు పోవడానికని సగం తెరిచి వదిలేసిన డ్రెయిన్ వాల్వులు చూడు. సబ్బునీళ్ళు చాలు. అల్ట్రాసోనిక్ డిటెక్టర్ అద్దెకు దొరికితే షిఫ్టు నడుస్తున్నప్పుడు కూడా పట్టుకోవచ్చు. దొరికిన ప్రతి లీకుకూ నంబరు, తేదీ రాసిన ట్యాగు కట్టు. ట్యాగు మీద తమిళంలో కూడా రాయించు. మరమ్మతు చేసే ఫిట్టర్ చదవగలిగితేనే అది పనికొస్తుంది. ఫిట్టర్లను అణ్ణా అని పిలిచి, ఎక్కడ చప్పుడొస్తుందో అడిగితే సగం లీకులు వాళ్ళే చూపిస్తారు.

చాలామంది ఇక్కడ ఒక మెట్టు వదిలేస్తారు. లీకులన్నీ మూసినా బిల్లు తగ్గలేదంటారు. స్క్రూ కంప్రెసర్ గాలి ఇవ్వకుండా ఊరికే తిరుగుతున్నా పూర్తి లోడు కరెంటులో 25 నుంచి 40 శాతం లాగుతూనే ఉంటుంది. కాబట్టి లీకులు మూసిన వెంటనే కంప్రెసర్ల క్రమం మార్చి ఒకదాన్ని పూర్తిగా ఆపించాలి, సెట్ ప్రెషర్ తగ్గించాలి. ఒక బార్ తగ్గితే కరెంటు 6, 7 శాతం తగ్గుతుంది. అంచెలంచెలుగా 0.2 బార్ చొప్పున తగ్గిస్తూ, ప్రతి మెట్టు దగ్గర రెండు మూడు రోజులు ఆగి, అన్నిటికంటే చివరనున్న క్లాంపు సిలిండర్ సరిగా పట్టుకుంటోందో లేదో చూడు. ఒక్క యంత్రానికి 6.5 బార్ కావాలని ఊరంతటికీ 7 ఇస్తుంటారు. ఆ ఒక్కదానికి బూస్టరో, పక్కనే చిన్న రిసీవరో పెడితే సరిపోతుంది. కంప్రెసర్ గది వేడి కూడా చూడు. మే నెలలో రేకుల షెడ్డులో తలుపులు మూసుంటే బయటి కంటే 8 డిగ్రీలు ఎక్కువుండటం వింత కాదు. లోపలికి పీల్చే గాలి 4 డిగ్రీలు పెరిగితే కరెంటు ఒక శాతం పెరుగుతుంది. గోడకో లూవరు, వేడి గాలి బయటికి పోవడానికో డక్టు, అంతే ఖర్చు.

మీ కంపెనీకి బెంగళూరు పీణ్యలో కూడా యూనిట్ ఉందన్నావు. వాళ్ళ అంకెలతో నేరుగా పోల్చవద్దు. అక్కడ సముద్ర మట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తు. గాలి సాంద్రత దాదాపు పది శాతం తక్కువ కనుక అదే కంప్రెసర్ తక్కువ బరువున్న గాలినిస్తుంది. కూలింగ్ టవర్ మాత్రం అక్కడే బాగా చల్లబరుస్తుంది, చెన్నై ఉక్కపోత అక్కడ లేదు కదా.

పవర్ ఫ్యాక్టర్ (లాగిన కరెంటులో నిజంగా పనికొచ్చే వంతు) సంగతి క్లుప్తంగా చెబుతాను. 400 కిలోవాట్ల లోడు 0.88 నుంచి 0.98కి రావాలంటే 135 కేవీఏఆర్ కెపాసిటర్లు కావాలి. డిమాండు (బోర్డు నుంచి ఒకేసారి లాగే గరిష్ఠ లోడు) 454 కేవీఏ నుంచి 408కి దిగుతుంది. వీఎఫ్‌డీలు ఎక్కువున్న ప్యానెల్లో మామూలు కెపాసిటర్లు పెడితే హార్మోనిక్స్ (కరెంటు అలలో వచ్చే వికారాలు) వల్ల ఉబ్బి పేలిపోతాయి. 7 శాతం డీట్యూన్డ్ రియాక్టరుతో ఉన్నవే అడుగు. డిమాండు తగ్గినా కాంట్రాక్టు డిమాండు (బోర్డుతో రాసుకున్న పరిమితి) అలాగే ఉంటే ఛార్జీ పెద్దగా తగ్గదు. బిల్లింగ్ డిమాండు కనీస శాతం ఎంతో టారిఫ్‌లో చూసి, తర్వాత కాంట్రాక్టు డిమాండు తగ్గించమని దరఖాస్తు పెట్టించు.

పార్టులకు ఫాస్ఫేటు పూత పెట్టే ఫాస్ఫేటింగ్ లైనులో నీరు, వేడి, బురద మూడూ కలిసే కదులుతాయి. నువ్వు ఎక్కువ రోజులు గడపాల్సింది అక్కడే. జిడ్డు వదిలించే డీగ్రీసింగ్ ట్యాంకు గోడలకు ఇన్సులేషన్ ఉందా అని అందరూ చూస్తారు. కానీ 60 డిగ్రీల దగ్గర వేడి ఎక్కువగా పోయేది పైనుంచి, ఆవిరిగా. మూతలు గానీ తేలే ప్లాస్టిక్ బంతులు గానీ వేస్తే హీటరు లోడూ, పైనుంచి పోసే నీళ్ళూ, ఎగ్జాస్టు బ్లోయరు పనీ ఒకేసారి తగ్గుతాయి. కంప్రెసర్ తీసుకునే కరెంటులో నూటికి తొంభై వంతుల పైన వేడిగానే మారుతుంది. ఆయిల్ కూలర్ దగ్గర హీట్ రికవరీ ఎక్స్ఛేంజర్ పెడితే ఈ ట్యాంకుకు వేడి నీళ్ళు దాదాపు ఉచితం. రెండూ పక్కపక్కనే ఉంటేనే సుమా, రెండు వందల మీటర్ల పైపు వేయాల్సి వస్తే లాభం ఉండదు.

కడిగే ట్యాంకుల లెక్క చూడు. పార్టులకు అంటుకుని వచ్చిన ఒక లీటరు ద్రావణాన్ని వెయ్యో వంతుకు పలచన చేయాలంటే ఒకే ట్యాంకులో 1,000 లీటర్ల నీళ్ళు పారాలి. రెండు ట్యాంకులు పెట్టి, పార్టులు పోయే దిక్కుకు ఎదురుగా నీళ్ళు పారిస్తే సుమారు 32 లీటర్లు చాలు. మూడైతే 10. చాలా చోట్ల రెండు ట్యాంకులుంటాయి గానీ రెంటికీ విడివిడిగా మంచినీళ్ళు పెట్టి ఉంటారు. పైపు మార్చడం సగం రోజు పని. పార్టులు ట్యాంకు మీద కొన్ని సెకన్లు ఎక్కువ ఆగి కారేలా హాయిస్టు టైమర్ మార్పించు. హ్యాంగర్ మీద పార్టు కప్పులా పైకి తిరిగి ఉంటే ద్రావణం అందులోనే నిలిచి పక్క ట్యాంకుకు పోతుంది. ట్యాంకర్ లారీ నీళ్ళు కొంటున్న చోట ఇది ఎంత డబ్బో వేరే చెప్పక్కర్లేదు. మిగతాదీ చూడు. చివర ఆర్వో రిజెక్టును (వడపోతలో మిగిలిన ఉప్పునీటిని) ఆవిరి చేసే ఎవాపొరేటర్ ఉంటే, ఒక దశలో 1,000 లీటర్లు ఆవిరి చేయడానికి లీటరుకు 540 కిలోకేలరీల చొప్పున 5.4 లక్షల కిలోకేలరీలు కావాలి. కరెంటు యూనిట్లలో అది సుమారు 630. కడిగే దగ్గర తిప్పిన ఒక వాల్వు అక్కడ ఇంధనం ఖర్చును తగ్గిస్తుంది.

మెషిన్ షాపులో కటింగ్ ఆయిల్ లెక్క తీసుకో. కొన్నదెంత, వాడిన నూనెగా పంపినదెంత? తేడా చాలా పెద్దదిగా ఉంటుంది. అది చిప్స్‌కు (లోహపు తరుగుకు) అంటుకుని స్క్రాపు యార్డుకు పోతుంది. యార్డుకు పైకప్పు, గట్టు లేకపోతే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వచ్చే ఈశాన్య రుతుపవనాల వాన అదంతా వాననీటి కాలువలోకి కడిగేస్తుంది. చిప్స్ సెంట్రిఫ్యూజ్ కొనమని అడగడానికి నీకున్న ఆధారం ఈ అంకెలే. వాన మొదలయ్యేలోపు చూపించు.

ప్రమాదకర వ్యర్థాల విషయంలో 2016 నిబంధనలు చదువుకో. నిల్వ 90 రోజులు దాటకూడదు. రికార్డు ఫారం 3లో, డ్రమ్ము మీద లేబుల్ ఫారం 8లో, రవాణా మ్యానిఫెస్టు ఫారం 10లో. వార్షిక రిటర్ను ఫారం 4 జూన్ 30 లోపు, 1986 పర్యావరణ పరిరక్షణ నిబంధనల కింద పర్యావరణ స్టేట్‌మెంట్ ఫారం 5 సెప్టెంబరు 30 లోపు కాలుష్య నియంత్రణ మండలికి చేరాలి. ఈ రెంటిలోనూ వాడిన నూనె, ఫాస్ఫేటు బురద అంకెలు ఒకటే ఉండాలి. వేరుగా ఉండటం చాలా తరచుగా జరుగుతుంది, ఎందుకంటే ఒకటి స్టోర్స్ వాళ్ళు, రెండోది కన్సల్టెంటు నింపుతారు. గుమ్మిడిపూండిలోని ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి పంపిన బురద బరువు మీ వేబ్రిడ్జి చీటీతో, తిరిగొచ్చిన మ్యానిఫెస్టుతో సరిపోల్చు. డీజిల్ జనరేటర్ పొగగొట్టం భవనం కంటే ఎంత ఎత్తుండాలంటే, కేవీఏ వర్గమూలాన్ని 0.2తో గుణించినన్ని మీటర్లు. 400 కేవీఏకు 4 మీటర్లు.

లోపాలు రాసేటప్పుడు మాట స్పష్టంగా ఉండాలి. ‘వ్యర్థాల నిల్వ బాగోలేదు’ అని రాస్తే ఎవరూ ఏమీ చేయరు. ‘స్టోర్ వెనుక వాడిన నూనె డ్రమ్ములు 7. మూడింటికి ఫారం 8 లేబుల్ లేదు. డ్రెయిన్ మూతకు అడుగు దూరంలో, ట్రే లేకుండా ఉన్నాయి’ అని రాయి. ఫొటో, తేదీ పెట్టు. మనిషి పేరు పెట్టకు. తర్వాత కారణం అడిగేటప్పుడు ‘ఆపరేటర్ అజాగ్రత్త’ దగ్గర ఆగిపోనివ్వకు. లేబుళ్ళు ఎవరు అచ్చు వేయిస్తారు, ట్రే కొనుగోలు ఏ ఇండెంట్‌లో (కొనమని ఇచ్చే చీటీలో) ఆగింది అన్నదాకా వెళ్ళు. నువ్వే నడుపుతున్న పనిని నువ్వే ఆడిట్ చేయకూడదు. ఐఎస్ఓ 14001 (పర్యావరణ నిర్వహణ ప్రమాణం) అంతర్గత ఆడిట్లో నిష్పాక్షికత అడుగుతుంది కాబట్టి ఆ భాగం క్వాలిటీ వాళ్ళకు ఇవ్వు.

ఆదా లెక్క వేసేటప్పుడు బిల్లు మొత్తాన్ని యూనిట్లతో భాగించి వచ్చిన రేటు వాడకు. అందులో డిమాండ్ ఛార్జీ కలిసి ఉంటుంది, యూనిట్లు తగ్గినంత మాత్రాన అది తగ్గదు. బిల్లు సగటు 10 రూపాయలై, ఎనర్జీ ఛార్జీ 7 రూపాయలైతే 7తోనే లెక్కించు. అలా లెక్కించిన దాన్ని ఫైనాన్స్ వాళ్ళు తర్వాత బిల్లులో చూడగలుగుతారు, రెండో ఏడు అడిగినప్పుడు నీ మాట నిలబడుతుంది. ఒక్కో పనికీ ముందు, తర్వాత రెండు వారాల చొప్పున ఆ ఫీడరుకే కిలోవాట్-అవర్ మీటరు పెట్టి కొలువు. క్లాంపు మీటరుతో ఆంపియర్లు మాత్రం చూసి మోటారు లోడు చెప్పొద్దు. తక్కువ లోడు దగ్గర ఆంపియర్లు పెద్దగా తగ్గవు, కిలోవాట్లు తగ్గుతాయి.

గత 12 నెలల బిల్లులు, ఉత్పత్తి టన్నులు, కంప్రెసర్ లోడ్-అన్‌లోడ్ సమయాలు, ఫాస్ఫేటింగ్ లైను నీళ్ళ మీటరు రీడింగులు ఒక షీటులో పెట్టి పంపు. పైపు మార్పించే ముందు ఒకసారి లెక్క సరిచూసి చెబుతాను.

నీ మామయ్య