పీహెచ్‌డీ అయ్యాక ఇంకా రెండేళ్లా?

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర పల్లె, వరి రైతులం. మా అమ్మాయికి 30 ఏళ్లు. వరి వంగడాల మీద పీహెచ్‌డీ థీసిస్ సమర్పించింది. ఇప్పుడు ఉద్యోగం కాకుండా పోస్ట్‌డాక్టోరల్ ఫెలోషిప్ చేస్తానంటోంది. ఇంకెన్నాళ్లు చదివించాలి? సంబంధాలు కూడా చూస్తున్నాం.

జవాబు: ఇక మీరు చదివించనక్కర్లేదండీ. పోస్ట్‌డాక్‌కు పట్టా లేదు, ఫీజూ లేదు. పరిశోధన చేసినందుకు ఆమెకే నెలకింత అని ఇస్తారు. సీటు ఇప్పిస్తామని ఎవరైనా డబ్బు అడిగితే దగ్గరికి రానీయకండి. అయితే ఇది ఉద్యోగం కూడా కాదు. గడువు తీరాక పర్మనెంట్ చేస్తారన్న ఆశ వద్దు. సొమ్ము విడుదల ఒక్కోసారి నెలల తరబడి ఆలస్యమవుతుంది, చేతిలో కొంత ఉంచుకోమనండి.

మరి ఎందుకు చేయాలంటారా? మీ సార్వా (ఖరీఫ్) చేలనే చూడండి. మార్టేరు పరిశోధన స్థానం 1982లో ఇచ్చిన స్వర్ణ అనే వరి రకం దిగుబడిలో ఘనమైనదే, కానీ ముంపుకు ఆగదు. ఎఫ్ఆర్ 13ఎ అనే ఒడిశా రకానికి నీటిలో మునిగినా బతికే గుణముంది. ఆ గుణాన్నిచ్చే సబ్1 జన్యువును ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థలో స్వర్ణలోకి తెచ్చారు. 2009లో మన దేశంలో విడుదలైన స్వర్ణ-సబ్1 దాదాపు రెండు వారాలు మునిగినా తేరుకుంటుంది. పంట మన దగ్గరిది, పనితనం వేరే ప్రయోగశాలది. మీ అమ్మాయి కూడా శివారు ఆయకట్టు ఉప్పునీరో, దోమపోటో, తనకు తెలిసిన సమస్య ఒకటి పట్టుకుని, పీహెచ్‌డీ చేసిన చోట దొరకని పనితనం నేర్పే శాస్త్రవేత్తను వెతుక్కోవాలి. అలా కాకుండా పాత గైడు దగ్గరే పాత పని సాగదీస్తానంటే, నా మాటగా వద్దని చెప్పండి.

దేశంలో మొదట చూడాల్సింది జాతీయ పోస్ట్‌డాక్టోరల్ ఫెలోషిప్. ఒకప్పుడు సెర్బ్ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఇచ్చేది, ఇప్పుడు దాని స్థానంలో వచ్చిన అనుసంధాన్ నేషనల్ రీసెర్చ్ ఫౌండేషన్ చూస్తోంది. గడువు 2 ఏళ్లు. వయసు 35 దాటకూడదు, మహిళలకు 5 ఏళ్ల సడలింపు ఉంది. థీసిస్ సమర్పించినవారూ అర్హులే, పట్టా వచ్చేదాకా మొత్తం కాస్త తగ్గుతుంది. విదేశాలకైతే జర్మనీ హంబోల్ట్, అమెరికా ఫుల్‌బ్రైట్-నెహ్రూ ఫెలోషిప్‌లు ఉన్నాయి. రెండింటికీ పీహెచ్‌డీ పూర్తయి 4 ఏళ్లు మించకూడదు. కాబట్టి తర్వాత చూద్దాంలే అనుకుంటే అవకాశం జారిపోతుంది. ఏ దరఖాస్తుకైనా ముందు ఆ శాస్త్రవేత్త ఒప్పుకోవాలి. ఆయన ఇటీవలి పేపర్లు చదివి, తాను ఏం చేయదలచుకుందో ఒకటి రెండు పేజీల్లో రాసి పంపమనండి. వందమందికి ఒకే ఈమెయిల్ పెడితే జవాబు రాదు.

ఈలోగా వ్యవసాయ శాస్త్రవేత్తల నియామక బోర్డు నిర్వహించే ఏఆర్ఎస్ (వ్యవసాయ పరిశోధన సర్వీసు) పరీక్షకు ప్రకటన వస్తే మాత్రం వదలకూడదు. దానికీ వయోపరిమితి ఉంది. శాశ్వత ఉద్యోగం చేతికొస్తే ఫెలోషిప్ మధ్యలో వదిలేసినా నేను తప్పుపట్టను. రెండేళ్లు దాటి మరో ఫెలోషిప్, ఆ పైన ఇంకొకటి అంటే మాత్రం మీరు గట్టిగా అడగవచ్చు.

పెళ్లి విషయం మీ ఇంటిది. కాకపోతే, అమ్మాయి రెండేళ్లు వేరే ఊళ్లోనో దేశంలోనో ఉండవచ్చని అబ్బాయి వారికి మొదటి మాటల్లోనే చెప్పేయండి.